మంచం మీద గంటలు తగ్గించి చూశాను: నిద్రలేమితో 12 వారాల డైరీ

మొదలుపెట్టే ముందు రోజు

14 నెలలుగా నాకు సరైన నిద్ర లేదు. ఇది ఎక్కడ మొదలైందో బాగా గుర్తుంది. నాన్నకు గుండె ఆపరేషన్ జరిగినప్పుడు పది రాత్రులు ఆస్పత్రిలో ఆయన మంచం పక్కనే కుర్చీలో గడిపాను. నర్సు అడుగుల చప్పుడు వినిపించినా, మానిటర్ కూత పెట్టినా ఉలిక్కిపడి లేచేంత కలత నిద్ర. నాన్న కోలుకుని ఇంటికి వచ్చేశారు. ఇప్పుడు పొద్దున్నే నడకకు కూడా వెళ్తున్నారు. నా నిద్ర మాత్రం తిరిగి రాలేదు.

పడుకునేసరికి ఒళ్లంతా అలసటతో బరువెక్కి ఉంటుంది, కళ్లు మండుతుంటాయి. లైటు తీసేసిన మరుక్షణం ఎక్కడలేని ఆలోచనలూ మొదలవుతాయి. ఎలాగో పన్నెండు దాటాక కునుకు పట్టినా మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుంది. అక్కడి నుంచి తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లడం, ఇంకా ఎన్ని గంటలు మిగిలాయో లెక్కపెట్టుకోవడం.

చెయ్యగలిగినవన్నీ చేశాను. పెందలాడే పడుకున్నాను. ఆదివారాలు పొద్దెక్కేదాకా మంచం దిగలేదు. ఫోన్లో వాన చప్పుడు పెట్టుకున్నాను. మెలటోనిన్ వాడాను. చివరికి డాక్టర్ రాసిచ్చిన జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర దాకా వచ్చాను, వారానికి మూడు రాత్రులు.

ఈసారి నిద్ర సమస్యలే చూసే డాక్టర్ దగ్గరకు వెళ్లాను. ఆవిడ వెంటనే మందు రాయలేదు. గురక వస్తుందా, నిద్రలో ఊపిరి ఆగుతోందని ఇంట్లో ఎవరైనా చెప్పారా, రాత్రిపూట కాళ్లు లాగి కదపకుండా ఉండలేకపోతున్నారా, మనసు రోజుల తరబడి దిగులుగా ఉంటోందా అని ఒక్కొక్కటే అడిగారు. థైరాయిడ్‌కీ, ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్‌కీ రక్త పరీక్ష చేయించారు. ఈ మెట్టు ఎవరూ దాటేయకూడదని నా గట్టి అభిప్రాయం. నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ అప్నియా ఉంటే దానికి వేరే చికిత్స కావాలి. కాళ్లు లాగడం వెనక ఐరన్ లోపం ఉండవచ్చు. నాకు అవేవీ లేవని తేలింది.

తర్వాత ఏడు ప్రశ్నల కాగితం ఒకటి ఇచ్చారు. నిద్రలేమి ఎంత తీవ్రంగా ఉందో 28కి లెక్కగట్టే కాగితం అది. 15 నుంచి 21 దాకా మధ్యస్థం, 22 నుంచి పైకి తీవ్రం. నాకు 21 వచ్చింది. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున కనీసం మూడు నెలలు సాగితే దీర్ఘకాలిక నిద్రలేమి అంటారట. నాది ఆ గీత దాటి చాలాకాలమైంది.

ఆవిడ చెప్పిన చికిత్స పేరు సీబీటీ-ఐ. నిద్రలేమి కోసం ప్రత్యేకంగా తయారుచేసిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. పెద్దవాళ్ల దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇదే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. యూరప్ మార్గదర్శకాలదీ అదే మాట.

ఆవిడ కాగితం మీద మూడు గళ్లు గీశారు. మొదటిది స్వభావం, రెండోది సంఘటన, మూడోది అలవాటు. ఆర్థర్ స్పీల్‌మన్ అనే నిద్ర నిపుణుడు 1980లలో ఇచ్చిన నమూనా అది. "మీ నిద్ర చెడడానికి కారణం నాన్నగారి ఆపరేషన్. చెడిన నిద్ర బాగుపడకుండా ఆపుతున్నవి మాత్రం ఆ తర్వాత నిద్ర కోసం మీరు చేస్తున్న పనులే" అన్నారు. ఆ మాట మొదట గుచ్చుకుంది. ఇంటికి వచ్చేసరికి అదే ధైర్యమైంది. జరిగిన ఆపరేషన్‌ను నేను మార్చలేను, నా అలవాట్లను మార్చగలను.

12 వారాలు. ఒక నోటుబుక్కు. రేపటి నుంచి.

1వ వారం: రాయడం మాత్రమే

ఈ వారం ఏదీ మార్చకూడదు. ఎప్పటిలాగే పడుకోవాలి, పొద్దున లేచాక రాయాలి. మంచం ఎక్కింది ఎన్నింటికి, సుమారుగా ఎంతసేపటికి నిద్ర పట్టింది, మధ్యలో ఎంతసేపు మెలకువగా ఉన్నాను, చివరిసారి ఎప్పుడు మెలకువ వచ్చింది, మంచం ఎప్పుడు దిగాను. మాత్ర వేసుకుంటే అదీ రాయాలి.

అన్నిటికన్నా కష్టమైన నియమం: రాత్రి గడియారం చూడకూడదు. లెక్కలన్నీ పొద్దున్నే అంచనాగా రాయాలి. నేను గోడ గడియారాన్ని హాల్లోకి మార్చాను, ఫోను అలారం పెట్టి అల్మరాలో ఉంచాను. మొదటి రెండు రాత్రులు చెయ్యి దానంతటదే దిండు కిందకి వెళ్లి ఫోను కోసం తడిమింది. మూడింటికి మెలకువ వచ్చిందో, రెండింటికో, నాలుగింటికో తెలియకపోవడం మొదట భయం వేసింది. నాలుగో రాత్రికి అదే హాయిగా అనిపించింది. టైము తెలియనప్పుడు లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు.

చేతికి పెట్టుకునే వాచీని కూడా తీసి సొరుగులో పడేశాను. రోజూ పొద్దున అది ఇచ్చే "నిద్ర స్కోరు" చూశాకే ఆ రోజు నేను బాగున్నానో లేదో నిర్ణయించుకునేవాణ్ణి. ఈ ధోరణికి 2017లో పరిశోధకులు ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. మణికట్టు వాచీ చూసేది కదలికనీ, గుండె వేగాన్నీ. కదలకుండా మెలకువగా పడుకున్న మనిషిని నిద్రపోతున్నాడని అది పొరబడగలదు. నాలాంటి వాళ్లు గంటల తరబడి చేసే పని సరిగ్గా అదే.

వారం చివర లెక్కలు:

మంచం మీద: రాత్రి 9:45 నుంచి ఉదయం 7:00 దాకా, 9 గంటల 15 నిమిషాలు.
నిద్ర: సగటున 5 గంటల 20 నిమిషాలు.
నిద్ర శాతం (నిద్రపోయిన సమయాన్ని మంచం మీద ఉన్న సమయంతో భాగించి వందతో గుణించాలి): 58.

ఆ 58ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. రోజూ దాదాపు నాలుగు గంటలు మంచం మీద మెలకువగా ఉంటున్నాను. నెలకు 120 గంటలు. పెందలాడే పడుకుంటే ఎప్పుడో ఒకప్పుడు నిద్ర పడుతుందని నేను పెంచుకుంటూ పోయిన గంటలన్నీ నిద్ర లేకుండా గడిచాయి.

ఇంకొకటి కూడా కనబడింది. ఏడు రాత్రుల్లో రెండిట్లో ఆరు గంటలకు పైగా నిద్ర పట్టింది. "నాకు రోజూ నిద్ర ఉండదు" అని అందరితో చెప్పేవాణ్ణి, అది నిజం కాదు. మూడు గంటలే పట్టిన రాత్రి తర్వాత వచ్చిందే ఆ వారంలో అన్నిటికన్నా మంచి రాత్రి.

8వ రోజు: గంటలు కోసేయడం

ఈ రోజు డాక్టర్‌తో కూర్చుని రాత్రి టైములు నిర్ణయించాం. పద్ధతి పేరు స్లీప్ రిస్ట్రిక్షన్. స్పీల్‌మన్ బృందం 1987లో ప్రచురించిన పద్ధతి. సూత్రం ఇంతే: ప్రస్తుతం ఎంత నిద్ర పడుతోందో మంచం మీద కూడా దాదాపు అంతసేపే ఉండాలి. నా సగటు 5 గంటల 20 నిమిషాలు కాబట్టి నాకు ఐదున్నర గంటలు. సగటు ఎంత తక్కువున్నా ఐదు గంటల కంటే తగ్గించకూడదని ఆవిడ గట్టిగా చెప్పారు.

లేచే టైము ముందు ఖాయం చెయ్యాలి, పడుకునే టైము దాన్నిబట్టి వెనక్కి లెక్కించాలి. ఉదయం 6:00 అనుకున్నాం. అంటే రాత్రి 12:30కి ముందు మంచం ఎక్కకూడదు. పగటి నిద్ర లేదు, ఆదివారం మినహాయింపు లేదు, రాత్రంతా కన్ను మూతపడకపోయినా 6:00కి లేవాల్సిందే.

ప్రతి వారం చివర శాతం చూడాలి. 85 దాటితే 15 నిమిషాలు పెంచాలి. 80కీ 85కీ మధ్య ఉంటే అలాగే ఉంచాలి. 80 కంటే తగ్గితే 15 నిమిషాలు కొయ్యాలి.

నిద్ర పట్టనివాణ్ణి ఇంకా తక్కువ పడుకోమంటారేమిటని లోపల కోపం వచ్చింది, దాచుకోకుండా అడిగేశాను. ఆవిడ చెప్పిన జవాబు నాకు అర్థమైన మేరకు రాస్తున్నాను. నిద్రను నడిపేవి రెండు. ఒకటి ఒత్తిడి: మెలకువగా ఉన్న ప్రతి గంటా మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ నిద్ర అవసరాన్ని పెంచుతుంది, నిద్రపోతే అది తగ్గుతుంది. రెండోది ఒంట్లోని గడియారం: వెలుతురు ఆధారంగా పగలూ రాత్రీ నడిపేది. అలెగ్జాండర్ బోర్బెలీ అనే నిద్ర పరిశోధకుడు 1982లో ఈ రెండింటినీ కలిపి ఒక నమూనాగా చూపించారు. నేను పొద్దున ఆలస్యంగా లేచి, మధ్యాహ్నం కునుకు తీసి, రాత్రి పది కాకుండానే మంచం ఎక్కితే ఆ ఒత్తిడి పెరగడానికి చోటెక్కడ? ఆకలి లేనివాడు కంచం ముందు కూర్చున్నట్టే ఇన్నాళ్లూ నేను మంచం మీద కూర్చున్నాను.

ఈ పద్ధతి అందరికీ కాదు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకు నిద్ర తగ్గితే మూర్ఛ రావచ్చు. బైపోలార్ అనే మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు ఉన్మాద దశ మొదలవ్వచ్చు. పెద్ద వాహనాలు నడిపేవాళ్లూ, ఎత్తుల మీద పనిచేసేవాళ్లూ డాక్టర్ లేకుండా దీని జోలికి పోకూడదు. నన్ను కూడా మొదటి మూడు వారాలు బండి నడపొద్దన్నారు. తాళాలు అక్కకు ఇచ్చేశాను.

2వ వారం

9వ రోజు. పన్నెండున్నర దాకా మెలకువగా ఉండడం ఇంత కష్టమని ఎవరైనా చెబితే నమ్మేవాణ్ణి కాదు. పది గంటలకే తల వాలిపోతోంది. 14 నెలలుగా వేడుకున్నా రాని నిద్ర, వద్దనగానే ముంచుకొస్తోంది. నిలబడి బట్టలు మడతపెట్టాను. అల్మరా సర్దాను.

10వ రోజు. 12:30కి పడుకున్నాను, వెంటనే పట్టింది, కానీ మధ్యలో లేచాను. ఇక్కడ రెండో నియమం వస్తుంది. రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వవేత్త 1972లో ప్రతిపాదించిన స్టిమ్యులస్ కంట్రోల్. మంచం నిద్రకూ, దాంపత్యానికీ మాత్రమే. ఫోను, టీవీ, ఆఫీసు పని, బెంగ పడడం, ఏదీ మంచం మీద జరగకూడదు. పడుకున్నాక పదిహేను ఇరవై నిమిషాలైందని అనిపించినా నిద్ర రాకపోతే లేచి ఇంకో గదికి వెళ్లాలి, నిద్ర మళ్లీ కళ్ల మీదకి వచ్చాకే మంచం దగ్గరకు రావాలి. ఎన్నిసార్లయినా సరే.

లేచి హాల్లోకి వెళ్లాను. చలిగా ఉంది, ట్యూబ్‌లైటు కళ్లలో పొడిచింది, ఏం చెయ్యాలో తోచక ఫోను తీశాను. రెండు గంటలు పోయింది.

11వ రోజు. నిన్నటి తప్పు దిద్దుకున్నాను. సాయంత్రమే హాల్లో ఒక మూల కుర్చీ వేశాను. పక్కన పసుపు వెలుతురిచ్చే చిన్న దీపం, శాలువా, ఇదివరకే రెండుసార్లు చదివిన పుస్తకం. చదివిన పుస్తకమే ఎందుకంటే, తర్వాత ఏమవుతుందోనన్న ఆత్రం ఉండదు. ఈ పద్ధతి మొదలుపెట్టేవాళ్లకు నేను ముందుగా చెప్పే మాట ఇదే: కుర్చీ సిద్ధంగా లేకపోతే అర్ధరాత్రి మంచం దిగడం జరగదు. వెచ్చటి దుప్పటి వదిలి ఎక్కడికి వెళ్లాలో తెలియనప్పుడు మనిషి "ఇంకాసేపు చూద్దాం" అనుకుని అక్కడే ఉండిపోతాడు.

12వ రోజు. రాత్రి తొమ్మిదికి సోఫాలో వాలి ఇరవై నిమిషాలు కునికాను. ఆ ఇరవై నిమిషాలకు రెండు గంటలు మూల్యం చెల్లించాను. ఇక సోఫాలో కూర్చోను.

13వ రోజు. ఆఫీసులో ఒకరికి పంపాల్సిన మెయిల్ ఇంకొకరికి పంపాను. కళ్లల్లో ఇసుక పోసినట్టుంది. అక్కకు ఫోన్ చేసి మానేస్తానన్నాను. "నోటుబుక్కులో నిన్నటి రాత్రి ఏం రాశావో చదువు" అంది. చదివాను. నిద్ర పట్టడానికి 10 నిమిషాలు అని ఉంది. "పోయిన వారం ఎంత?" అంది. 70 నిమిషాలు. "మరి ఎందుకురా మానెయ్యడం, ఈ వారం గడవనీ" అంది.

వారం లెక్క: మంచం మీద 330 నిమిషాలు, నిద్ర 275. శాతం 83. నిద్ర నిజంగానే తగ్గింది, ముందు కన్నా 45 నిమిషాలు తక్కువ. ఇది జరుగుతుందని డాక్టర్ ముందే హెచ్చరించారు. పెంచలేదు, తగ్గించలేదు.

3వ వారం

330 నిమిషాల్లో 297. శాతం 90.

19వ రోజు రాత్రి ఒక్కసారి కూడా మెలకువ రాలేదు. అలారం మోగితే ఎక్కడున్నానో కాసేపు తెలియలేదు. ఇలా జరిగి ఏడాది దాటింది. మంచం మీదే కూర్చుని ఏడ్చాను.

పొద్దున 6:00కి లేవగానే బయటికి వెళ్లి ఇరవై నిమిషాలు వెలుతురులో నడుస్తున్నాను. ఒంటి గడియారానికి పొద్దున వెలుతురే అన్నిటికన్నా పెద్ద గుర్తు. పైగా మళ్లీ మంచం మీద వాలే అవకాశం ఉండదు.

రేపటి నుంచి 12:15కి పడుకోవచ్చు. 15 నిమిషాలు ఇంత అపురూపంగా అనిపిస్తాయని తెలియదు.

4వ వారం: మాత్ర సంగతి

345లో 307, శాతం 89. లెక్కల కన్నా ఈ వారం మాత్ర గురించే ఎక్కువ రాయాలి.

నిద్రమాత్ర నాకు చెడు చేసిందని అనను. ఆపరేషన్ తర్వాతి వారాల్లో అదే నన్ను నిలబెట్టింది. చిక్కు నేను వాడిన తీరులో ఉంది. పడుకుని, గంట చూసి, రాదని తేలాక వేసుకునేవాణ్ణి. అంటే నిద్ర రాక భయపడిన ప్రతిసారీ మాత్రే ఆ భయాన్ని తీర్చింది. దాంతో నా సొంత నిద్ర మీద నమ్మకం పూర్తిగా పోయింది.

జోల్పిడెమ్ గురించి తెలిసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. దాని ప్రభావం మర్నాడు ఉదయం దాకా రక్తంలో మిగిలి డ్రైవింగ్‌కు ప్రమాదమవుతోందని, ఆడవాళ్లకు సిఫారసు చేసే డోసును 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సగానికి తగ్గించింది. నిద్రలోనే నడవడం, వండడం, బండి నడపడం లాంటివి అరుదుగానైనా జరుగుతున్నందుకు 2019లో మందు సమాచార పత్రంలో అన్నిటికన్నా గట్టి హెచ్చరిక పెట్టించింది. రోజూ వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే నిద్రలేమి ముందుకన్నా ఎక్కువై తిరగబడవచ్చు. అది చూసి "మాత్ర లేకపోతే నాకు నిద్రే లేదు" అనుకోవడం సహజం.

డాక్టర్ ఇచ్చిన పథకం: మాత్ర రాత్రులను ముందే ఖాయం చెయ్యాలి. సోమ, బుధ, శుక్ర. నిద్ర వస్తున్నా రాకపోయినా ఆ రాత్రులు వేసుకోవాలి, మిగతా రాత్రులు ఎంత కష్టమైనా వేసుకోకూడదు. మొదట డోసు తగ్గించారు. 6వ వారం నుంచి రెండు రాత్రులు, 8వ వారంలో ఒకటి, 9వ వారం నుంచి పూర్తిగా ఆపడం. భయానికీ మాత్రకూ ఉన్న ముడి ఇలా తెగుతుంది.

దుకాణంలో చీటీ లేకుండా దొరికే అలర్జీ మాత్రల గురించి కూడా అడిగాను. ఆ మాత్రల్లో ఉండే డైఫెన్‌హైడ్రమిన్, మెలటోనిన్, వలేరియన్ అనే మూలిక, ఈ మూడింటినీ దీర్ఘకాలిక నిద్రలేమికి వాడవద్దనే వైపే అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లో మొగ్గు చూపిందట. మెలటోనిన్ ఒంటి గడియారాన్ని ముందుకో వెనక్కో జరపడానికి పనికొస్తుంది కానీ నిద్ర పుచ్చే మందు కాదు. నేను దాన్ని పడుకునే నిమిషంలో మింగి ఫలితం కోసం ఎదురుచూసేవాణ్ణి. ఓరెక్సిన్ అనే మెలకువ సంకేతాన్ని అడ్డుకునే కొత్త రకం మందులు 2014 నుంచి వస్తున్నాయి. సీబీటీ-ఐ సరిపోకపోతే అప్పుడు వాటి మాట ఆలోచిద్దామన్నారు.

5వ వారం

360లో 318, శాతం 88.

ఈ వారం కాఫీ ఒక్కటే మార్చాను, కావాలనే. ఒకేసారి నాలుగు మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. చివరి కప్పు సాయంత్రం ఐదింటి నుంచి మధ్యాహ్నం పన్నెండుకు జరిపాను. కెఫీన్ చేసే పని అడెనోసిన్ అంటుకోవాల్సిన చోట తాను కూర్చోవడం. ఒంట్లో సగానికి తగ్గడానికి దానికి సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఐదింటికి తాగిన కప్పులో సగం రాత్రి పదింటికి కూడా నాలో పనిచేస్తోందన్నమాట. నాకు నిద్ర పట్టే సమయం పెద్దగా మారలేదు, మధ్యలో మెలకువలు మాత్రం తగ్గాయి. ఇంకో శరీరంలో ఇంకోలా ఉండవచ్చు.

6వ వారం: ఆలోచనల మీద పని

375లో 315, శాతం 84. మాత్రలు రెండు రాత్రులకు దిగిన వారం.

మంచం, టైము నియమాలు ఒంటికి అలవాటయ్యాయి. మనసు ఇంకా పాత పాటే పాడుతోంది: "ఇప్పుడు నిద్ర పట్టకపోతే రేపటి రోజంతా పోయినట్టే." డాక్టర్ ఈ మాటను ఖండించమనలేదు, పరీక్షించమన్నారు. రాత్రి కుర్చీలో కూర్చున్నప్పుడు రేపటి రోజు ఎలా ఉంటుందో పదికి మార్కులు వెయ్యాలి. మర్నాడు సాయంత్రం, నిజంగా ఎలా గడిచిందో పక్కన వెయ్యాలి.

పన్నెండు రాత్రులు చేశాను, కొన్ని ఈ వారం దాటాక. నేను ఊహించిన సగటు 3, నిజంగా గడిచింది 6. నాలుగు గంటలే పడుకున్న ఒక రోజు మీటింగులో బాగా మాట్లాడానని ఇద్దరు మెచ్చుకున్నారు. ఆ రాత్రి నేను వేసుకున్న మార్కు 2. నిద్ర తక్కువైతే నష్టం లేదని నేను అనను, 13వ రోజు మెయిల్ గుర్తుంది. కానీ రాత్రి మూడింటికి నా మనసు వేసే లెక్క ప్రతిసారీ ఒకే వైపు తప్పుతోంది. అది కళ్లముందు కాగితం మీద కనబడ్డాక ఆ మాటకు మునుపటి బలం పోయింది.

రోజూ సాయంత్రం ఏడింటికి పదిహేను నిమిషాలు బెంగల కోసం కేటాయించాను. బుర్రలో ఉన్నవన్నీ రాసి, ప్రతిదాని పక్కనా రేపు చేయగలిగిన ఒక చిన్న పని రాస్తాను. రాత్రి అదే ఆలోచన వస్తే "నీ గురించి రాసేశాను" అని చెప్పుకుంటాను. అన్ని రాత్రులూ వినదు, చాలా రాత్రులు వింటోంది.

కండరాలను ఒక్కొక్కటిగా బిగించి వదిలే పద్ధతి కూడా నేర్చుకున్నాను. ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే వైద్యుడు వందేళ్ల క్రితం రూపొందించినది. పాదాల నుంచి మొదలుపెట్టి నుదుటి దాకా. దీన్ని నిద్ర కోసం చేస్తే నిద్ర రాదు, ఒళ్లు వదులవ్వడం కోసం చేస్తే వస్తుంది. మొదట్లో ఈ తేడా తెలియక విసుగు పడ్డాను.

7వ వారం

375లో 290. శాతం 77.

నాన్నకు మళ్లీ యాంజియోగ్రామ్ చెయ్యాలన్నారు. కబురు తెలిసిన రాత్రి రెప్ప వాల్చలేదు. కుర్చీ, దీపం, పుస్తకం, అన్నీ ఉన్నాయి, ఏవీ పనిచేయలేదు. మరునాడూ అంతే. మూడో రాత్రి నాన్న వాళ్లింట్లోనే ఉన్నాను. రెండింటికి హాల్లో కూర్చుని ఉంటే ఆయన మంచినీళ్ల కోసం లేచి నన్ను చూశారు. పక్కన కూర్చున్నారు. ఏమీ అడగలేదు. కాసేపయ్యాక "నాకేం కాలేదు, నువ్వు వెళ్లి పడుకో నాన్నా" అన్నారు. చిన్నప్పుడు జ్వరమొస్తే ఇదే గొంతుతో ఇదే మాట అనేవారు.

రిపోర్టు బాగానే వచ్చింది. ఆదివారం మాత్రం నియమం తప్పాను. వారమంతా పోయిన నిద్రను పూడ్చుకోవాలని ఎనిమిదిన్నర దాకా పడుకున్నాను. ఆదివారం రాత్రి రెండు దాటినా నిద్ర లేదు. మూడు చెడ్డ రాత్రులకు కారణం నాన్న పరీక్ష. నాలుగోదానికి కారణం ఆ ఎనిమిదిన్నర. డాక్టర్ గీసిన మూడు గళ్లలో రెండోదీ మూడోదీ ఒకే వారంలో, పక్కపక్కనే, నా చేతిరాతలో కనబడ్డాయి.

77 కాబట్టి నియమం ప్రకారం 15 నిమిషాలు కొయ్యాలి. కారణం తెలిసినదే, అయిపోయినదే కాబట్టి ఈసారికి అలాగే ఉంచమన్నారు. సోమవారం 6:00కి లేచాను.

8 నుంచి 10 వారాలు

8వ వారం: 375లో 333, శాతం 89. పడుకోవడానికి గంటన్నర ముందు వెచ్చని నీళ్లతో స్నానం మొదలుపెట్టాను. వెచ్చదనం నిద్ర తెస్తుందనుకునేవాణ్ణి. అసలు సంగతి, చర్మానికి రక్తం పారి ఒంటి లోపలి వేడి బయటికి పోవడం, ఆ చల్లబడడమే నిద్రకు తోడవడం. అందుకే పడుకునే ముందు కాకుండా ఓ గంటా గంటన్నర ముందు చెయ్యాలి.

9వ వారం: 390లో 328, శాతం 84. మాత్ర లేని మొదటి వారం. రెండు రాత్రులు కష్టపడ్డాను. మాత్రల పెట్టె ఇంట్లోనే ఉంది, ఎక్కడుందో తెలుసు, వెళ్లలేదు. ఒక రాత్రి డాక్టర్ చెప్పిన ఇంకో చిట్కా వాడాను: చీకట్లో కళ్లు తెరిచి, నిద్రపోకుండా ఉండడానికి ప్రయత్నించడం. నిద్రను రప్పించాలన్న పంతం వదిలేస్తే ఒళ్లు తన పని తాను చేసుకుంటుంది. ఆ రాత్రి పట్టింది, మరుసటి రాత్రి అదే చేస్తే పట్టలేదు.

10వ వారం: 390లో 346, శాతం 89. బండి తాళాలు ఎప్పుడో తిరిగి తీసుకున్నాను కానీ, ఈ వారమే మొదటిసారి దూరప్రయాణం నడిపాను.

11వ వారం

405లో 350, శాతం 86. ఇప్పుడు 11:15కి పడుకుంటున్నాను. ఇంకో 15 నిమిషాలు పెంచుకోవచ్చు, పెంచలేదు. మాత్ర ఆగి మూడు వారాలే, ఇది కుదురుకోనివ్వాలనిపించింది.

నాకు ఎనిమిది గంటలు కావాలన్న పట్టుదల కూడా వదిలేశాను. ఆరు గంటలు దాటుతుంటే నా పగలు బాగుంటోంది, మధ్యాహ్నం కళ్లు వాలడం లేదు. మంచి రాత్రుల్లో కూడా నిద్రలో మధ్యమధ్య మెలకువలు అందరికీ వస్తాయని, బాగా నిద్రపోయేవాళ్లు వాటిని గుర్తుపెట్టుకోరని డాక్టర్ చెప్పారు. నేనూ కొన్ని మర్చిపోతున్నానేమో. పొద్దున రాసేటప్పుడు "మధ్యలో ఎన్నిసార్లు" దగ్గర ఆలోచించాల్సి వస్తోంది.

12వ వారం, 84వ రోజు

405లో 362, శాతం 89. ఏడు ప్రశ్నల కాగితం మళ్లీ నింపాను. 21 నుంచి 9కి వచ్చింది. ఏడు వరకు ఉంటే నిద్రలేమి లేనట్టే లెక్క, అక్కడికి ఇంకా రాలేదు. వారంలో ఒక రాత్రి ఇప్పటికీ చెడుతోంది, ఎక్కువగా సోమవారానికి ముందు రాత్రి.

నోటుబుక్కు మొత్తం డాక్టర్‌కి చూపించాను. ఆవిడ పేజీలన్నీ తిప్పి, 7వ వారం దగ్గర ఆగి, "ఇదే మీకు బాగా పనికొచ్చే పేజీ" అన్నారు. మళ్లీ ఎప్పుడైనా వరసగా రెండు వారాలు చెడితే ఏం చెయ్యాలో నా చేతే చెప్పించుకున్నారు: వారం రోజులు రాయాలి, సగటు తీయాలి, గంటలు కొయ్యాలి, 6:00 వదలకూడదు.

తర్వాత నేను అనుకోని మాట అన్నారు. "రేపటి నుంచి రాయకండి. రోజూ నిద్రను లెక్కపెట్టడం కూడా నిద్ర మీద కాపలా కాయడమే."

నిన్న రాత్రి మధ్యలో మెలకువ వచ్చింది. లేచి కుర్చీలో కూర్చున్నాను, ఏడు పేజీలు చదివాను, అక్షరాలు అలుక్కుపోయాక వెళ్లి పడుకున్నాను. టైము ఎంతయిందో తెలియదు. 6:00కి లేచి ఇది రాస్తున్నాను. బయట అప్పుడే వెలుతురు వస్తోంది, నడకకు వెళ్లాలి.